ఎవరి పక్కన ఇల్లు కావాలి

కిందటి నెలలో చిన్నప్పటి ఊరు వెళ్ళివచ్చాను. ఊరి పేరు రాయను. రాస్తే తూర్పు వీధివాళ్ళు చదివి, "సాయిబు మేస్టారి కూతురు పడమరవాళ్ళని వెనకేసుకొచ్చింది" అంటారు. పడమర వీధివాళ్ళు సరిగ్గా ఆ మాటే తిరగేసి అంటారు. దివిసీమలో, హంసలదీవికి వెళ్ళే దారిలో, ఉప్పుగాలి తగిలే ఊరు అనుకోండి చాలు. అంత చిన్న ఊరికి ఇప్పుడు రెండు తుపాను షెల్టర్లు ఉన్నాయి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. రెండెందుకండీ అని నా వెంట నడుస్తున్న పెద్దమనిషిని అడిగితే ఆయన నవ్వేసి, "ఎవరి వీలు వాళ్ళదమ్మా" అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. బందరు తిరిగొచ్చే బస్సులో మాత్రం ఆ కోపం నిలవలేదు. ఆ ఊరిని అలా రెండు ముక్కలుగా కట్టిన కాగితం రాసింది నేనే. పధ్నాలుగేళ్ళ వయసులో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అబ్బా పక్కనే కూర్చుని పేర్లు చెప్పాడు.

మా నాన్నని మేం అబ్బా అనేవాళ్ళం. బందరులో పుట్టి పెరిగినవాడు, ఆ ఊరి బళ్ళో పెద్ద మేస్టారుగా వచ్చి, బడి పక్కనే రెండు గదుల పెంకుటింట్లో కాపురం పెట్టాడు. బడికి అటు తూర్పు వీధి, ఇటు పడమర వీధి. రెండు వీధులవాళ్ళదీ ఒకటే ఇంటిపేరు. నాలుగు తరాల కిందట అన్నదమ్ములు. కృష్ణ పాయ ఒకటి ఒండ్రు వేసి కొత్త లంక ఇచ్చింది, అదెవరు సాగు చెయ్యాలన్న దగ్గర మొదలై, కర్రలు, కత్తులు, బందరు కోర్టు దాకా వెళ్ళింది. ఒకరినొకరు అన్నా, బాబాయ్ అని పిలుచుకునే మనుషులే పొడుచుకు చచ్చారు. నేను పుట్టిన దగ్గర్నుంచి ఆ ఊళ్ళో ఇద్దరు మంగళ్ళు, ఇద్దరు చాకళ్ళు, రెండు టీకొట్లు. అబ్బా పొద్దున్నే గడప మీద కూర్చుని, అవనిగడ్డ బస్సులో వచ్చిన ముందురోజు పేపరు పైకి చదువుతూ గడ్డం గీసుకునేవాడు. ఏ దేశంలోనో అంతర్యుద్ధం అన్న వార్త వస్తే కత్తి ఆపి, "మనదీ అదేగా, కాకపోతే మనకి విలేఖరి లేడు" అనేవాడు. సబ్బు నురగ చెంపల మీద ఆరిపోతున్నా పట్టించుకోకుండా ఆ వార్త చివరిదాకా చదివేవాడు.

మా అమ్మ, అంటే అమ్మీ, చదువుకోలేదు గానీ ఆ ఊళ్ళో ఎలా బతకాలో అబ్బా కంటే ఆవిడకే బాగా తెలుసు. మంచినీళ్ళ చెరువుకి రెండు రేవులు, తూర్పువాళ్ళ రేవు, పడమరవాళ్ళ రేవు. అమ్మీ ఒకరోజు ఈ రేవులో ముంచితే మర్నాడు ఆ రేవులో ముంచేది. వరస ఎప్పుడూ తప్పలేదు. ఒంట్లో బాగాలేక నన్ను పంపిస్తే, "ఇవ్వాళ పడమర, గుర్తుందా?" అని వీధి మలుపు దాకా కేకేసేది. జీలకర్ర కూడా ఒక నెల ఈ కొట్లో, ఒక నెల ఆ కొట్లో. రంజాను పండక్కి చేసే సేమ్యా రెండు వీధులకీ ఒకే గంటలో వెళ్ళాలి, నేను ఒక వీధికి, అబ్బా రెండో వీధికి. మా ఇంటికి చుట్టాలు వస్తే ఈ తూకం చూసి నవ్వేవారు. అమ్మీకి అందులో నవ్వేమీ కనబడేది కాదు.

ఉప్పెన వచ్చిన కార్తీకంలో మేం గుడివాడలో ఉన్నాం. అమ్మీ చెల్లెలి పెళ్ళి. మేం బతకడంలో మా గొప్పేమీ లేదు. ఆ సాయంత్రం గుడివాడలో గాలికి పందిరి లేచిపోతే అయ్యో పెళ్ళి పాడైందని ఏడ్చాం, అంతకంటే సిగ్గుపడే సంగతి నా జీవితంలో లేదు. అబ్బా రెండోరోజే బయల్దేరి, బస్సున్నంత దూరం బస్సులో, తర్వాత మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళాడు. మూడు వారాల తర్వాత సాయం సరుకుల లారీలో మమ్మల్ని రప్పించాడు. లారీ దిగగానే వచ్చిన వాసన నేను వర్ణించలేను, వర్ణించను కూడా. కుళ్ళిన వరి, బ్లీచింగు పొడి, తడి బూడిద, వాటి కింద ఇంకోటి. నాతో చదువుకున్న పిల్లల్లో సగం మంది లేరు. ఊళ్ళో నిలబడింది బడి ఒక్కటే. అబ్బా అప్పటిదాకా పాఠం చెప్పిన బల్ల మీద కూర్చుని, మిగిలినవాళ్ళ పేర్లు అడిగి రాసుకుంటున్నాడు. గడ్డం మాసిపోయి ఉంది. నన్ను చూసి నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

ఆ వచ్చిన మొదటి పూటే అమ్మీ చీర చెంగు దోపి వంటలోకి దిగింది. మేం వచ్చేసరికి బడి ముందు రెండు గాడిపొయ్యిలు తవ్వి ఉన్నాయి, తూర్పుకొకటి, పడమరకొకటి. సముద్రం వచ్చి ఇంటికి ఇద్దరేసి ముగ్గురేసిని తీసుకుపోయినా పొయ్యిలు మాత్రం రెండే. అమ్మీ ఒక పొయ్యిలోకి పారతో మట్టి లాగేసింది. "రెండింటికి కట్టెలెక్కడున్నాయి? విరిగిన తాటిదూలాలు వారంలో అయిపోతాయి. ఒకటే పొయ్యి, ఇష్టమైతే తినండి" అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ మాట ఏ వీధివాళ్ళయినా అని ఉంటే చెప్పేవారేమో. మొదట్లో రెండు వరసలుగా కూర్చునేవారు. కంచాలు చాలక, తిన్నవాళ్ళు లేచినచోట ఆకలైనవాళ్ళు కూర్చోవడం మొదలెట్టి, నెల తిరిగేసరికి ఏ వరస ఎవరిదో తెలియకుండా పోయింది. ఎక్కడెక్కడి దేశాలో పంపిన గోధుమరవ్వని ఎలా వండినా జిగురుగానే ఉండేది. దాన్ని తిట్టుకోవడంలో రెండు వీధులూ కలిసిపోయాయి. ఒక మంగలే మిగిలాడు కాబట్టి అందరికీ అతనే చేశాడు. నేను చాపల మీద పిల్లలందరికీ అఆలు దిద్దించాను. కొత్త ఇళ్ళు వచ్చేదాకా బడి దగ్గర శిబిరంలో గడిచిన ఆ ఎనిమిది నెలలూ ఊరు ఒకటే. నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆ పొయ్యి దగ్గరే నాగరత్నం, సాంబయ్య ఒకరికొకరు తెలిశారు. నాగరత్నం పడమర వీధి కోడలు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. మొగుడూ, పెద్దపిల్లలిద్దరూ పోయారు. చంకలో ఉన్న గోపీ, ముసలి అత్తగారు వీరమ్మ మిగిలారు. సాంబయ్య తూర్పు వీధివాడు, పెళ్ళాం కొట్టుకుపోయింది, ఆరేళ్ళ కూతురు కుమారి తుమ్మచెట్టు పట్టుకుని బతికింది. ఆ పిల్ల చెట్టు దిగిన దగ్గర్నుంచి ఎవరు పెట్టినా నోరు తెరిచేది కాదు. ఒకరోజు నాగరత్నం గోపీకి ముద్దలు పెడుతూ, పక్కన నిలబడి చూస్తున్న కుమారి నోటి దగ్గర మాట్లాడకుండా ఒక ముద్ద పెట్టింది. తినేసింది. మర్నాడు ఆ వేళకి తనే వచ్చి కూర్చుంది. కావిడితో నీళ్ళు మోస్తున్న సాంబయ్య కుండలు దించి, దూరంగా నిలబడి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఇందులో ఒక సంగతి ఉంది. నాగరత్నం బావగారిని, అంటే వీరమ్మ పెద్దకొడుకుని, లంక గొడవల్లో పొడిచి చంపారు. ఆ కేసులో సాంబయ్య ముద్దాయి. సాక్ష్యం లేక కొట్టేశారు. పెళ్ళి మాట వచ్చినప్పుడు అమ్మీ ఉల్లిపాయలు తరుగుతూ ఆ సంగతి నాగరత్నానికి గుర్తు చేసింది. నేను అక్కడే ఉన్నాను.

"పొడిచింది ఈయనో కాదో నాకు తెలీదు పిన్నీ" అంది నాగరత్నం. "అడగను కూడా. అడిగితే ఈ మనిషి అబద్ధం చెప్పడు. ఆ చెప్పేది విని నేను బతకలేను. నాకిప్పుడు బతకాలనుంది."

బడి వరండాలో పెళ్ళి చేశారు. తాళికి బంగారం ఎక్కడిది, పసుపుకొమ్ము కడదామన్నారు. ఊరంతా వెతికినా కొమ్ము దొరకలేదు. దొరికింది మా అమ్మీ మసాలా డబ్బాలో, గుడివాడ నుంచి తెచ్చుకున్నవాటిలో. "కూరలో వేసుకుందామని దాచుకున్నాను, అదృష్టవంతురాలివే" అని నాగరత్నం బుగ్గ గిల్లి ఇచ్చింది. వీరమ్మ వచ్చి ఇద్దరి తలల మీదా అక్షింతలు వేసింది. రెండు వీధులవాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు, మొదటిసారి ఆ రోజు గోధుమరవ్వ కాకుండా అన్నం. అబ్బా ఆ రాత్రి అమ్మీతో, "చూశావా, పెద్దపెద్ద దేశాలకి చేతకానిది మనవాళ్ళు చేశారు" అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఇక ఇళ్ళు. ఒక ధర్మసంస్థవాళ్ళు ఎత్తైన దిబ్బ మీద సిమెంటు ఇళ్ళు కట్టారు, నడుమ రోడ్డు, అటో వరస, ఇటో వరస. రోడ్డు మొదట్లో చేతిపంపు వేశారు. బోర్లు ఎన్నిచోట్ల వేసినా ఉప్పునీళ్ళే, అక్కడొక్కచోటే తియ్యటి నీళ్ళు పడ్డాయి. వాళ్ళ ఇంజనీరు కుర్రవాడు, ఊళ్ళ సంగతి తెలియనివాడు, "చీట్లు వేసి ఇచ్చేద్దామండీ మేస్టారూ, గంటలో అయిపోతుంది" అన్నాడు. అబ్బాకి ఆ మాట నచ్చలేదు. "వీళ్ళేం గొడ్లా, చీటీ తీసి ఏ గాటికో కట్టెయ్యడానికి? అన్నీ పోయినవాళ్ళు. కనీసం పక్కన ఎవరుండాలో చెప్పుకునే హక్కయినా వాళ్ళకి ఉండాలి. నేను అడుగుతాను" అన్నాడు. నా తండ్రి మంచివాడని మీకు చెప్పాలనే ఈ మాట యథాతథంగా రాస్తున్నాను.

బడి గదిలో తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్క ఇంటివాళ్ళనీ పిలిచి, ఎవరి పక్కన ఇల్లు కావాలి అని అడిగాడు. నేను రాయడానికి కూర్చున్నాను. ఎనిమిది నెలలు ఒకే పొయ్యి దగ్గర తిన్నారు కదా, ఆ స్నేహాలే చెబుతారనుకున్నాడు. మొదట వచ్చినాయన తూర్పువాడు. పొద్దున్నే పడమరవాళ్ళ పిల్లాణ్ణి భుజాలెక్కించుకుని ఆడిస్తుంటే నేనే చూశాను. ఆయన గొంతు తగ్గించి, "నాకేం లేదండి మేస్టారూ. నా మనసులో ఏం పగ లేదు. కానీ రేపు వాళ్ళ మనసులో ఏముంటదో ఎవరికి తెలుసండి? మావాళ్ళ దగ్గరే ఇప్పించండి" అన్నాడు. తర్వాత వచ్చినావిడ పడమర. "మాకేం ఇబ్బంది లేదండి, వాళ్ళకే ఇష్టం ఉండదేమోనని" అంది. అందరిదీ ఆ మాటే. ఒక్కరంటే ఒక్కరు కూడా పగ ఉందని చెప్పలేదు. ఒక్కరు కూడా అవతలివాళ్ళ పక్కన ఇల్లు అడగలేదు. మధ్యాహ్నానికి అబ్బా ముఖం వాడిపోయింది. అడిగిన తర్వాత మాట తప్పడం ఆయనకి చేతకాదు. రాయి, రాయి అన్నాడు. నేను రాశాను, అటు వరస తూర్పు, ఇటు వరస పడమర.

ఆఖరున నాగరత్నం, సాంబయ్య పిల్లలిద్దరితో వచ్చారు. "ఎక్కడైనా పర్లేదండి" అన్నాడు సాంబయ్య. మిగిలింది ఒకటే ఇల్లు, రోడ్డు మొదట్లో, ఏ వరసలోకీ రానిది, పంపు ఎదురుగా. అబ్బా దాన్ని చూసి తేరుకున్నాడు. రెండు వరసలకీ వీళ్ళే వారధి అన్నాడు. పంపు ఎదురుగా ఇల్లు, నీళ్ళ బాధ లేదు అని నాగరత్నం కూడా సంబరపడింది.

గృహప్రవేశాలు కాగానే పొయ్యి ఆరిపోయింది, ఎవరి వంట వాళ్ళది. తలుపు, గొళ్ళెం వచ్చేసరికి మనుషులు మళ్ళీ పాత మనుషులయ్యారు. పైగా ఉప్పెన పొలాల గట్లు చెరిపేసింది, సర్వే రాళ్ళు లేవు, లంక ఆకారమే మారిపోయింది. కొలవడానికి కోర్టు అమీను వచ్చిన రోజున మాటా మాటా పెరిగి కర్రలు లేచాయి. సాంబయ్యని వాళ్ళ పెదనాన్న కొడుకులు వచ్చి పిలిచారు. వెళ్ళాడు. వెళ్ళి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కొట్టలేదంటాడు. "వెళ్ళకపోతే రేపు నాకు కష్టమొస్తే ఎవరొస్తారు మేస్టారూ?" అని అబ్బానే అడిగాడు.

మర్నాడు పొద్దున వీరమ్మ ఆ ఇంటి మెట్టు మీద వచ్చి కూర్చుంది. శిబిరంలో మాటా పలుకూ లేకుండా ఉన్న ముసలమ్మ, తన ఇల్లు తనకి రాగానే మళ్ళీ అత్తగారైంది. "నా వంశానికి మిగిలింది ఆ ఒక్క నలుసు. నా పెద్దకొడుకుని పొడిచిన చేతి కూడు వాడు తినడానికి వీల్లేదు. నా మనవణ్ణి నాకిచ్చెయ్" అంది. అక్షింతలు వేసిన చేత్తోనే నేల చరిచింది. పడమర పెద్దలు వచ్చి వెనక నిలబడ్డారు, తూర్పువాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. అబ్బాని పిలిచారు. మధ్యాహ్నం దాకా బతిమాలాడు. తల్లి వస్తే తల్లితో, లేకపోతే పిల్లాడొక్కడే, సాయంత్రంలోగా తేలాలి అన్నారు పడమరవాళ్ళు. కర్రలు అందుబాటులోనే ఉన్నాయి. నాగరత్నం ఎవరి వంకా చూడకుండా గుంజ పట్టుకుని నిలబడి ఉంది.

సాంబయ్యే చెప్పాడు. "వెళ్ళు రత్నం. పసివాడు, తల్లి లేకపోతే ఉండలేడు. కుమారికి అలవాటేగా" అన్నాడు.

ఆ మాట ఇన్నేళ్ళలో నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. నాగరత్నం గోపీని ఎత్తుకుని రోడ్డు దాటి వెళ్ళింది. వీరమ్మ ఇల్లు అక్కడికి నలభై అడుగులు, అంతే. ఆ సాయంత్రం అబ్బా అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. అమ్మీ ఎప్పుడూ ఆయన్ని తప్పుపట్టి ఎరగదు. ఆ పూట మాత్రం, "ఆ పిల్ల అడగకుండా ఊరుకుంది, కాబట్టి కాపురం చెయ్యగలిగింది. మీరు అందర్నీ కూర్చోబెట్టి అడిగారు" అంది. అని, మళ్ళీ తనే ఆయన కంచంలో అన్నం కలిపింది.

పెద్దయ్యాక నేను చాలాసార్లు ఆలోచించాను. చీట్లు వేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. పక్కపక్క ఇళ్ళలో తలలు పగిలేవేమో. ఉప్పెన తర్వాత ఆ ఊళ్ళో హత్య జరగలేదు. దాన్ని నేను తక్కువగా చూడను. రెండో మంగలిని మళ్ళీ ఎవరూ తీసుకురాలేదు, బడి ఇప్పటికీ ఒకటే. కానీ అబ్బా మాత్రం గుడివాడ బదిలీ చేయించుకుని వెళ్ళాక ఆ ఊరి మాట ఎత్తలేదు. పోయే ముందు మంచంలో ఉన్నప్పుడు ఎవరో పొలం పంపకాల గురించి సలహాకి వస్తే, "నన్నేం అడక్కండి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాంబయ్య, నాగరత్నం ఇద్దరూ ఇప్పుడు లేరు. వేరువేరు ఇళ్ళలో పోయారు. కుమారిని పెదపారుపూడి అవతల ఎక్కడో ఇచ్చారట, ఊరికి రాదట. మొన్న వెళ్ళినప్పుడు అడిగితే అంతే చెప్పారు.

మేం ఊరు వదిలే ముందు జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. తియ్యనీళ్ళు ఆ పంపులోనే కాబట్టి నాగరత్నం రోజూ పొద్దున్నే బిందెతో రావలసి వచ్చేది. మాట్లాడకూడదని కట్టడి. కుమారి ముందే వచ్చి, అందని ఆ పంపు పిడికి వేలాడుతూ కొట్టేది. బిందె నిండేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవారు, నాగరత్నం ఎత్తుకుని వెళ్ళిపోయేది. ఇది ఎన్నాళ్ళో సాగలేదు. ఆడవాళ్ళకి దూరమవుతోందని, మా వరసకి వేరే బోరు కావాలని పడమరవాళ్ళు అర్జీ రాయించుకోవడానికి వచ్చారు. దూరమెంతో అబ్బాకి తెలుసు. కానీ తూర్పువాళ్ళ అర్జీలు రాసిన మనిషి పడమరవాళ్ళకి రాయనని ఎలా అంటాడు? చెప్పాడు, నేను రాశాను. బోరు వేశారు. ఉప్పునీళ్ళే పడ్డాయి. అవే తాగారు.

కొత్త బోరు మొదలైన మర్నాడు కూడా కుమారి ఆ వేళకి వచ్చి పంపు కొట్టడం మొదలెట్టింది. కింద బిందె లేదు. నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. నీళ్ళకి వచ్చిన అమ్మీ చూడలేక మా బిందె కింద పెట్టింది. నిండాక కుమారి చేతులు పావడాకి తుడుచుకుని, "పిన్నికి ఇచ్చి రావా మామ్మా? నువ్వయితే అటు వెళ్ళొచ్చుగా" అంది. అమ్మీ బిందె చంకనెత్తుకుని రోడ్డు దాటి వెళ్ళింది, నేను వెంట ఉన్నాను. నాగరత్నం గుమ్మంలోకి వచ్చింది. లోపల మంచం మీద వీరమ్మ, అరుగు మీద ఇద్దరు మగవాళ్ళు. నాగరత్నం బిందె వంక చూసి, వాళ్ళకి వినబడేలా, "వద్దు పిన్నీ, మాకు మా బోరు ఉందిగా" అంది. అమ్మీ ఆ నిండు బిందెతోనే నలభై అడుగులూ వెనక్కి నడిచింది. కుమారి పంపు దగ్గరే నిలబడి ఉంది. బిందె నిండా ఉన్న నీళ్ళు చూసింది, అమ్మీ ముఖం చూసింది. ఎందుకు తెచ్చేశావని అడగలేదు.